గుంటూరు డాబా మీద దారి తప్పిన టెలిస్కోపు

ఫిబ్రవరి మొదటి వారంలో గుంటూరు నుంచి మాస్టారు ఫోన్ చేశారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయిన మనిషి. టెలిస్కోపు కొని ఇంకా ఆరు నెలలు నిండలేదు.

“ఏమయ్యా, సంక్రాంతికి బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు ఏ చుక్క అడిగినా పక్కింటి కొబ్బరిచెట్టు చూపిస్తోంది. మోటార్లు పోయాయంటావా?”

“మోటార్లు పోతే కొబ్బరిచెట్టు దాకా కూడా వెళ్లదండీ” అన్నాను.

నా అసలు పని విజయవాడలో సర్వే పరికరాలు బాగుచేయడం. థియొడొలైట్లు, ఆటో లెవెళ్లు, టోటల్ స్టేషన్లు కిందపడో, వానలో తడిసో, సిమెంటు దుమ్ము మింగో నా బల్ల మీదికి వస్తాయి. టెలిస్కోపు పిచ్చి రాత్రిపూట వ్యవహారం. ఈ రెండూ దాయాదులేనని నాకు బాగా అర్థమైంది ఈ కేసులోనే. రెండింటిలోనూ ఉన్నవి ఒకదానికొకటి అడ్డంగా తిరిగే రెండు ఇరుసులు, వాటి మీద ఒక గొట్టం. గురి తప్పిందంటే అయితే ఇరుసు వంకర, లేకపోతే గొట్టం వంకర, అదీ కాకపోతే మనిషి పొరపాటు. ఇక్కడ మూడూ ఉన్నాయి. పైగా ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి.

మాస్టారి టెలిస్కోపు ఆరంగుళాల న్యూటోనియన్, ఫోకల్ పొడవు 750 మిల్లీమీటర్లు. దాని కింద ఈక్యూ5 తరహా గోటూ మౌంటు, అంటే చేతి కంట్రోలర్‌లో చుక్క పేరు అడిగితే మోటార్లతో తానే గొట్టాన్ని అటు తిప్పే స్టాండు. కన్ను పెట్టి చూసే కటకం, ఐపీస్, 25 మిల్లీమీటర్లది పెడితే సుమారు 1.7 డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది, మూడు చంద్రుళ్లు పక్కపక్కన పట్టేంత. గురి ఒక డిగ్రీ తప్పితే అడిగిన వస్తువు అందులో ఉండదు.

ఒక మాట ముందే చెప్పాలి. డిగ్రీలో అరవయ్యో వంతును కూడా నిమిషం అంటే గడియారం నిమిషంతో కలిసిపోయి చదివేవాళ్లకి తల తిరుగుతుంది. అందుకని పంచాంగం వాళ్ల మాటే వాడతాను. డిగ్రీకి 60 కళలు, కళకి 60 వికళలు. చంద్రబింబం అడ్డంగా సుమారు 30 కళలు.

కొబ్బరిచెట్టు సంగతి

10వ తేదీ సాయంత్రం బ్రాడీపేటలో వాళ్ల డాబా ఎక్కాను. మరో అంతస్తు వేద్దామని వదిలేసిన పిల్లర్ చువ్వలు నాలుగు మూలలా నిలబడి ఉన్నాయి. ఉత్తరాన నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. ఆగ్నేయాన ఆ కొబ్బరిచెట్టు.

పరికరం చేతికి రాగానే విప్పేయడం మా పనిలో కొత్త కుర్రాళ్లు చేసే తప్పు. ముందు అది ఎలా తప్పుతోందో చూడాలి. అందుకే నేను ఏమీ ముట్టుకోను, రోజూ మీరు చేసినట్టే చేయండి అని మాస్టారికి చెప్పి పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన టైము కొట్టారు, తేదీ కొట్టారు. అలైన్‌మెంటుకి, అంటే ఆకాశంతో లెక్క కుదుర్చుకోవడానికి, ఏ చుక్క కావాలని కంట్రోలర్ అడిగింది. జాబితాలో ఆల్టేర్, వేగా, ఫోమల్‌హాట్.

తలెత్తి చూశాను. రాత్రి ఎనిమిది. రోహిణి దాదాపు నడినెత్తిన ఉంది. పిల్లలకోడి కాస్త పడమరకు వాలింది. మా అమ్మమ్మ గొల్లకావడి అనే మూడు చుక్కలు దక్షిణాన నిండుగా ఎత్తుకొచ్చాయి.

“మాస్టారూ, ఆల్టేర్ అంటే మన శ్రవణమేగా. మాఘంలో ఈ వేళప్పుడు శ్రవణం ఎక్కడి నుంచి వస్తుందండీ?”

ఆయన రెండు క్షణాలు ఆగి, “రాదు” అన్నారు.

కంట్రోలర్ అమెరికా పద్ధతిలో తేదీ అడుగుతుంది, నెల ముందు, రోజు తర్వాత. మాస్టారు మన పద్ధతిలో 10/02 కొట్టారు. అది అక్టోబరు 2 అనుకుంది. అక్టోబరు 2 రాత్రి ఎనిమిదింటికి ఫోమల్‌హాట్ ఆగ్నేయాన ముప్పై డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అంటే సరిగ్గా కొబ్బరి మట్టల్లో. యంత్రం తన లెక్క ప్రకారం తప్పు చేయలేదు.

మరి సంక్రాంతికి ఎలా పనిచేసింది? అప్పుడు కొట్టింది హైదరాబాద్ నుంచి వచ్చిన మనవడు. పద్నాలుగో తారీఖు మొదటిసారి 14/01 అని కొడితే పద్నాలుగో నెల లేదని యంత్రమే ఒప్పుకోలేదు, దాంతో వాడు తిప్పి కొట్టాడు. 12 దాటిన తేదీల్లో ఈ తప్పు చేయడానికి వీలే లేదు. 1 నుంచి 12 దాకా నోరు మూసుకుని మింగేస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు ఎవరైనా ‘నెలలో కొన్నాళ్లు పనిచేస్తుంది, కొన్నాళ్లు చేయదు’ అంటే నేనిప్పుడు మొదట అడిగేది తారీఖే.

ఊరి వివరాల్లోనూ ఇలాంటిదే ఇంకోటి దొరికింది. ఫోన్‌లో మ్యాపు 16.30, 80.44 అని చూపిస్తే మాస్టారు 16 డిగ్రీల 30 కళలు, 80 డిగ్రీల 44 కళలు అని కొట్టారు. చుక్క తర్వాత ఉన్నది దశాంశం. 0.30 డిగ్రీ అంటే 18 కళలు, 0.44 అంటే 26. ఫిజిక్స్ మాస్టారికి ఈ ముక్క చెప్పడం నాకే ఇబ్బందిగా అనిపించింది, ఆయన మాత్రం గట్టిగా నవ్వారు. నిజానికి ఇది చిన్న నేరం. రేఖాంశంలో 18 కళల తేడా అంటే గడియారంలో 72 సెకన్లు. ఒక ఇరుసు భూమి ఇరుసుకి సమాంతరంగా ఉండే ఇలాంటి ఈక్వటోరియల్ మౌంటులో ఆ తేడాను మొదటి చుక్క మీద సింక్ చేయగానే, అంటే చుక్కని మధ్యకి తెచ్చి ‘ఇదే అది’ అని చెప్పగానే, యంత్రం సర్దుకుంటుంది. తేదీ తప్పుని మాత్రం ఏ చుక్కా సర్దలేదు, ఎందుకంటే సింక్ చేయడానికి అసలు చుక్కే దొరకదు.

దిక్సూచి ఎందుకు పనికిరాలేదు

తేదీ సరిచేసి లుబ్ధకం మీద సింక్ చేశాం. సిరియస్ అంటే అదే. అక్కడి నుంచి ఒక్కో చుక్క అడుగుతూ ఎంత తప్పుతోందో, ఏ వైపు తప్పుతోందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. పక్కనే ఉన్న ప్రోసియన్‌కి డిగ్రీన్నర. మఖకి మూడు దాటింది. పడమటి వైపు వెళ్లేసరికి గొట్టం పక్కనుండే చిన్న దుర్బిణి, ఫైండర్‌లో కూడా లేదు. సంక్రాంతికి బ్రహ్మాండం అన్నది కూడా ఇదే మౌంటు. అప్పుడు చూసినవి చంద్రుడు, ఒకటి రెండు గ్రహాలు. కంటికి కనిపించేవాటిని బాణం మీటలతో లాక్కొచ్చి చూస్తే గురి ఎంత తప్పిందో ఎవరికీ తెలియదు.

సింక్ చేసిన చోటికి దగ్గర్లో తక్కువ, దూరం పోయేకొద్దీ ఎక్కువ. ఈ తీరు చూస్తే అనుమానం ధ్రువాక్షం మీదికి వెళ్తుంది. మౌంటులో ఒక ఇరుసు భూమి ఇరుసుకి సమాంతరంగా ఉండాలి. ఉత్తరాన ఆకాశ ధ్రువం వైపు చూడాలి. పుస్తకాలన్నీ ధ్రువనక్షత్రాన్ని ఆ ఇరుసు వెంట చూసే పోలార్ స్కోపులో పెట్టుకోమంటాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ల ఊళ్లలో అది నలభై, యాభై డిగ్రీల ఎత్తున ఉంటుంది. గుంటూరులో పదహారున్నర కూడా లేదు. అంత కింద దుమ్ము, వీధి లైట్ల వెలుగు, పొగమంచు. అవన్నీ లేకపోయినా మాస్టారింట్లో అపార్ట్‌మెంటు ఉంది. పెళ్లి పందిట్లో పట్టపగలు అరుంధతిని చూపించే పురోహితుడికి తప్ప ఆ డాబా మీద నుంచి ధ్రువుణ్ని చూపించడం ఎవరి తరమూ కాదు.

అందుకని ఆయన ఫోన్‌లో కంపాస్ పెట్టి ఉత్తరం పట్టారు. నేను నా బ్రంటన్ దిక్సూచి తీసి డాబా మీద ఆ మూల నుంచి ఈ మూలకి నడిచాను. ముల్లు తొమ్మిది డిగ్రీలు ఊగింది. పిల్లర్ చువ్వల దగ్గర ఒక మాట, మధ్యలో ఒక మాట, స్టీలు ట్రైపాడ్ పక్కన ఇంకో మాట. కింద శ్లాబు నిండా ఇనుమే. కాంక్రీటు డాబా మీద అయస్కాంతాన్ని నమ్మి ఉత్తరం పట్టడం నాకు తెలిసిన అన్ని తప్పుల్లోకీ అమాయకమైంది. నేనూ మొదట్లో చేసిందే.

ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడు సూర్యుణ్ని వాడుకున్నాం. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండుని దారంతో డాబా మీది బట్టల దండేనికి వేలాడదీశాను. సూర్యుడు సరిగ్గా దక్షిణానికి వచ్చిన క్షణంలో దారం నీడ అసలైన ఉత్తర-దక్షిణ గీత. ఆ క్షణం పన్నెండు గంటలకి కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, గుంటూరు దానికి పడమర, అందుకో ఎనిమిది నిమిషాలు పైచిలుకు. ఫిబ్రవరి రెండో వారంలో సూర్యుడు సగటు గడియారం కన్నా పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా నడుస్తాడు, అదీ కలపాలి. మొత్తం కలిపితే 12 గంటల 22 నిమిషాలు దాటి అర నిమిషం.

ఈ లెక్క నేను కాగితం మీద వేస్తుంటే మాస్టారు నా చేతిలోంచి పెన్ను లాక్కుని తానే పూర్తిచేశారు. నలభై ఏళ్లు చెప్పిన పాఠం డాబా మీదికి వచ్చేసరికి ఆయనకి చెప్పులు వేసుకోవడం కూడా గుర్తులేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి గుంటూరు శ్లాబు మీద, ఉత్తి కాళ్లతో. సెకన్లు నేను లెక్కపెట్టాను, చాక్‌పీసుతో గీత ఆయన గీశారు. ఆ వేళ సూర్యుడి దిశ నిమిషానికి దాదాపు అర డిగ్రీ మారుతుంది కాబట్టి పది సెకన్లు అటూఇటూ అయినా నష్టం లేదు. నీడ అంచు ఎలాగూ మసగ్గా ఉంటుంది. పావు డిగ్రీ, అర డిగ్రీ లోపు వస్తే చాలనుకున్నాను.

కంపాస్ పెట్టిన ఉత్తరానికీ ఈ గీతకీ ఏడు డిగ్రీల తేడా వచ్చింది.

టక్ అన్న చప్పుడు

మొదటి రాత్రి ఇంకోటి కూడా కనిపెట్టాను. దీన్ని మాస్టారు ఫిర్యాదుల్లో చెప్పలేదు. టెలిస్కోపుని హోమ్ పొజిషన్‌కి, అంటే మొదలుపెట్టే చోటికి, పంపగానే ‘టక్’ అని ఒక చప్పుడు, ఆ వెంటనే మోటారు కిర్రుమంది.

“అదా, అది రోజూ అంటుంది” అన్నారు మాస్టారు.

టార్చి వేసి చూస్తే కౌంటర్‌వెయిట్, అంటే గొట్టానికి ఎదురు తూకంగా కడ్డీకి వేసే బరువు, ట్రైపాడ్ ఉత్తరం కాలికి ఆనుకుని ఉంది. కాలి మీద పెయింటు లేచిపోయి వెండిరంగు గీత పడింది. ఒకటి రెండు రోజుల్లో పడే గీత కాదది.

ఇది మన అక్షాంశాలకి పుట్టుకతో వచ్చిన జబ్బు. మౌంటు అక్షం యాభై డిగ్రీలు లేచి ఉంటే కింద వేలాడే కడ్డీ ఉత్తరం వైపు బాగా ముందుకి తన్ని ట్రైపాడ్‌కి దూరంగా ఉంటుంది. అక్షం పదహారు డిగ్రీలకి పడుకుంటే కడ్డీ దాదాపు నిటారుగా దిగి కాలి మీదే పడుతుంది. ఇలాంటి మౌంట్లలో చాలావాటికి ఇరుసు ఎంత తిరిగిందో చదివే ఎన్‌కోడర్ ఉండదు. ఇన్ని అడుగులు వేయమని స్టెప్పర్ మోటారుకి చెప్పి, వేసిందనే అనుకుంటుంది. బరువు కాలికి తగిలి మోటారు జారితే ఆ జారిన అడుగుల సంగతి కంట్రోలర్‌కి తెలియదు. అక్కడి నుంచి ప్రతి గురీ తప్పే. ఎంత తప్పుతుందో కూడా ఒక పద్ధతి ఉండదు, ఎంత జారితే అంత. నోటుపుస్తకంలో రెండుసార్లు అడిగితే రెండు రకాలుగా వచ్చిన అంకెలు మూడు ఉన్నాయి. వాటికి అర్థం అప్పుడు తెలిసింది.

విజయవాడ తిరిగొచ్చి ఆటోనగర్‌లో లేత్ షెడ్డుకి వెళ్లాను. లారీ యాక్సిళ్లు తిప్పే చోట ఎనిమిదంగుళాల పొడవు పైపు ముక్క, రెండు వైపులా రెండు ప్లేట్లు అడిగితే మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. దేనికని అడిగితే చుక్కలు చూడ్డానికి అన్నాను. “లారీవాళ్లకి మేం రోజూ చూపిస్తాం సార్” అని వారంలో చేసిచ్చాడు. పైపు గోడ మందంగా ఉండాలని పట్టుబట్టాను. సన్నది వేస్తే బరువు తగలకపోవచ్చు కానీ ఫోకస్ చేస్తుంటే బొమ్మ జెల్లీలా ఊగుతుంది. ట్రైపాడ్‌కీ మౌంటు తలకీ మధ్య ఆ పైపు నిలబెట్టాక కడ్డీ కాలికి నాలుగు వేళ్ల దూరంలోంచి పోతోంది.

డ్రిఫ్ట్

19వ తేదీన పైపు బిగించి, చాక్ గీత మీద మౌంటుని నిలబెట్టి, అక్షం ఎత్తుని ఫోన్ యాంగిల్ మీటరుతో పదహారుంపావుకి కాస్త పైన పెట్టి చీకటి పడేదాకా కూర్చున్నాం. ఇక్కడి నుంచి చేసేది ధ్రువుడు కనపడనివాళ్ల పద్ధతి. ఉత్తరాన్ని చూడకుండానే ఉత్తరాన్ని సరిచేయడం.

అక్షం సరిగ్గా ఉంటే మౌంటు ఏ చుక్కని వెంబడించినా అది ఐపీస్‌లో ఉత్తర-దక్షిణాలుగా జరగదు. జరుగుతోందంటే అక్షం వంకర. ఆ జరగడాన్నే డ్రిఫ్ట్ అంటారు. ఎటు జరిగిందో చూస్తే వంకర ఎటో తెలుస్తుంది, ఎంత వేగంగా జరిగిందో చూస్తే ఎంతో తెలుస్తుంది. అక్షం ఒక కళ తప్పితే చుక్క గడియారం నిమిషానికి 0.26 వికళ జరుగుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు.

మొదటి చుక్క దక్షిణాన మధ్యాహ్న రేఖకి (నడినెత్తి మీదుగా పోయే ఉత్తర-దక్షిణ గీతకి) దగ్గరగా, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఉండే గీత) మీద ఉండాలి. గొల్లకావడిలో అన్నిటికన్నా పైనున్న చుక్క మింటాకా ఇందుకు పుట్టినట్టే ఉంటుంది. మధ్యరేఖకి మూడో వంతు డిగ్రీ కూడా దూరం లేదు. ఎర్రగీతల ఐపీస్, బొమ్మని రెండింతలు చేసే 2ఎక్స్ బార్లో కటకం. గీతల మధ్య చిన్న గడి ఎంతుందో ముందు కొలవాలి. ట్రాకింగ్ ఆపేస్తే మింటాకా సెకనుకి 15 వికళల చొప్పున పరుగెడుతుంది. గడి దాటడానికి రెండు సెకన్లు పట్టింది, కాబట్టి గడి 30 వికళలు. ట్రాకింగ్ మళ్లీ పెట్టి స్టాప్‌వాచ్ నొక్కాను.

ఐపీస్‌లో ఉత్తరం ఎటో తెలియక చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. గొట్టం మూతిని వేలితో ఉత్తరం వైపు కొంచెం నెట్టండి. చుక్క ఎటు పోతే అదే దక్షిణం. అద్దాలు ఎన్ని ఉన్నా, బొమ్మ తలకిందులైనా ఇది మారదు.

మూడు నిమిషాల నలభై అయిదు సెకన్లకి మింటాకా గడి దక్షిణం అంచు దాటింది. నిమిషానికి 8 వికళలు. దాన్ని 0.26తో భాగిస్తే సుమారు 30 కళలు, అంటే అర డిగ్రీ. మధ్యాహ్నపు చాక్ గీత నుంచి నేను ఆశించింది కూడా అంతే. దక్షిణానికి జరిగింది కాబట్టి అక్షం ముక్కు తూర్పుకి తిరిగి ఉంది, పడమరకి తేవాలి. ఉత్తరానికి జరిగి ఉంటే దీనికి సరిగ్గా తిరగేసి. మా మౌంటులో దిశ మార్చే బోల్టు ఒక చుట్టుకి డిగ్రీ పైచిలుకు తిప్పుతుంది, అందుకని సగం చుట్టుకి కాస్త తక్కువ. తిప్పి మళ్లీ చూశాం. చుక్క అటూ ఇటూ కొంచెం ఊగుతుంటే మాస్టారు కంగారుపడ్డారు. అది తూర్పు-పడమరల ఊగిసలాట, ఇరుసుని తిప్పే వర్మ్ గేరు పని. 144 పళ్ల చక్రం కాబట్టి పది నిమిషాలకోసారి అలా ఊగుతుంది. డ్రిఫ్ట్ చూసేటప్పుడు దాన్ని లెక్కచేయకూడదు. మూడోసారి సర్దాక ఇరవై నిమిషాల్లో సగం గడి. 3 కళల లోపుకి వచ్చింది.

తర్వాత తూర్పున ముప్పై డిగ్రీలు దాటి లేచిన మఖ. తూర్పు చుక్క ఉత్తరానికి జరిగితే అక్షం ఎత్తు ఎక్కువైనట్టు, దక్షిణానికి జరిగితే తక్కువైనట్టు. పది నిమిషాల్లో గడి దాటి ఉత్తరానికి పోయింది. ఎత్తు ఓ 13 కళలు ఎక్కువ. దించాం. ఇందులో మనకి ఓ లాభం ఉంది, ఎవరూ చెప్పుకోరు. మన దగ్గర చుక్కలు తూర్పున దాదాపు నిటారుగా లేస్తాయి. గాలిపొర వల్ల చుక్క పైకి జరిగినట్టు కనిపించే తప్పు చాలావరకు దాని దారి వెంటే ఉంటుంది, మనం కొలిచే అడ్డదిక్కులోకి తక్కువ వస్తుంది. నష్టం ధ్రువుడి దగ్గర. పదహారు డిగ్రీల ఎత్తులో గాలి అతన్ని ఓ మూడు కళలు పైకెత్తి చూపిస్తుంది. యాభై డిగ్రీల దగ్గర అది ఒక కళ కూడా ఉండదు.

అంతా అయ్యాక కింది సెంటర్ బోల్టు గట్టిగా బిగించి ఇంటికి బయల్దేరబోయాను. అలవాటు కొద్దీ మళ్లీ ఒకసారి ఐపీస్‌లో చూద్దును కదా, చుక్క జరుగుతోంది. బిగింపుకే అక్షం ఆరు కళలు తిరిగింది. రాత్రి పదకొండున్నరకి మొదటికొచ్చాం. ఆ తర్వాత బోల్టు ఒక చేత్తో, కన్ను ఐపీస్‌లో పెట్టి, చుక్కని చూస్తూ బిగించాను. థియొడొలైట్ బేస్ బిగించేటప్పుడు ఇరవై ఏళ్లుగా చేస్తున్నదే. డాబా మీద మర్చిపోయాను.

ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైట్

25న వెళ్లేసరికి మాస్టారు పద్నాలుగు వస్తువుల పట్టిక రాసిపెట్టారు. తూర్పు వైపువన్నీ ఐపీస్ మధ్యకి దగ్గర్లో పడుతున్నాయి. పడమటి వైపువన్నీ ఒకే దిక్కుకి, ఒకే దూరం తప్పుతున్నాయి, ఇంచుమించు 40 కళలు. ఆ పట్టిక చూడగానే నాకు మా షాపు గుర్తొచ్చింది.

థియొడొలైట్ గొట్టం తన ఇరుసుకి సరిగ్గా లంబంగా లేకపోతే దాన్ని కోలిమేషన్ తప్పు అంటాం. పట్టుకోవడం తేలిక. ఒకే గురిని ఫేస్ లెఫ్ట్‌లో ఒకసారి, గొట్టం తిరగేసి ఫేస్ రైట్‌లో ఒకసారి చదివితే తేడాలో సగం ఆ తప్పు. టెలిస్కోపు వాళ్లు దీన్నే కోన్ ఎర్రర్ అంటారు. ఈక్వటోరియల్ మౌంటు మధ్యాహ్న రేఖ దాటినప్పుడు గొట్టం అటు నుంచి ఇటు మారుతుంది కదా, అదే దాని ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైట్. ప్రోసియన్ మీద చూశాం. తొమ్మిదీ ఇరవైకి తూర్పు వైపు ఉండగా సింక్, అది రేఖ దాటాక తొమ్మిదీ నలభైకి మళ్లీ అదే చుక్క అడిగాం. గొట్టం తిరిగి వచ్చి చూస్తే 40 కళలు పక్కన. అంటే కోన్ 20 కళలు.

అలైన్‌మెంటులో మూడో చుక్కని రేఖకి అవతలి వైపు తీసుకుంటే కంట్రోలరే దీన్ని లెక్కలో సర్దుకుంటుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. నాకు అది నచ్చదు. ఇనుములో ఉన్న వంకరని ఇనుములోనే తీయాలి. లేకపోతే రేపు గొట్టం విప్పి మళ్లీ బిగించినప్పుడు ఏది ఎంత మారిందో తెలియదు.

గొట్టాన్ని పట్టుకునే రెండు రింగుల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు. 20 కళల వంపుకి ఒక రింగు కింద 1.16 మిల్లీమీటర్ల ముక్క పెట్టాలి. అందుకు వాడే పలచటి రేకు, షిమ్ము, తేవడం మర్చిపోయాను. మాస్టారి భార్య, నేను పిన్నిగారూ అని పిలుస్తాను, బీరువాలోంచి గడువు తీరిన ఏటీఎం కార్డు తెచ్చిచ్చారు. కార్డు మందం 0.76. మిగతా 0.4కి కూల్‌డ్రింక్ క్యాన్ రేకు నాలుగు పొరలు. వెనక రింగు కింద పెట్టి మళ్లీ చూస్తే తేడా 40 పోయి 80 అయింది. మందం లెక్క సరే, దిక్కు తప్పు. ముందు రింగుకి మార్చగానే 3 కళలకి దిగింది. ప్లాస్టిక్ ఎండకి, ఒత్తిడికి నలుగుతుంది కాబట్టి తర్వాత ఆటోనగర్‌లోనే అల్యూమినియం ముక్క చేయించి పెట్టాను.

ఇక మిగిలింది కాళ్ల కింద నేల. డాబా మీద రబ్బరు మ్యాటు పరిచి ఉంది, గంట గడిచేకొద్దీ ట్రైపాడ్ కాలు అందులో దిగి గురి ఎనిమిది, పది కళలు జారుతోంది. మ్యాటు తీసేసి మూడు చీమకుర్తి గ్రానైటు ముక్కలు సిమెంటులో పెట్టాం, ఒక్కోదాని మధ్య చిన్న గుంట. కాళ్లు ఎప్పుడు తీసి పెట్టినా అదే చోట కూర్చుంటాయి. ఆ నల్లరాయిని బ్లాక్ గెలాక్సీ అంటారని చెబితే మాస్టారు ఆ రోజంతా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పారు.

అలైన్‌మెంటు చేసేటప్పుడు చుక్కని మధ్యకి తెచ్చే చివరి నొక్కుడు ఎప్పుడూ పై బాణం, కుడి బాణం మీటలతోనే ముగించాలని కూడా అలవాటు చేశాను. గేర్లలో వదులు ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. ఎడమ మీటతో ముగించిన రోజూ, కుడి మీటతో ముగించిన రోజూ ఒకటి కావు.

తనిఖీకి వెళ్లింది మార్చి 3న. పది వస్తువులు అడిగాం, రేఖకి అటు అయిదు, ఇటు అయిదు. అన్నిటికన్నా ఎక్కువ తప్పింది 6 కళలు, ఎక్కువభాగం 3 లోపు. కంట్రోలర్ వెనక మాస్టారు తెల్ల కాగితం అంటించి ‘నెల ముందు, రోజు తర్వాత’ అని రాసుకున్నారు. కానీ తేదీ ఆయన సరిగ్గా కొట్టారో లేదో నేను చూసి తెలుసుకునే వీల్లేదు. 03/03. ఎలా కొట్టినా తప్పు రాదు.

మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరకి వాట్సాప్‌లో రెండు ఫొటోలు వచ్చాయి. ఒకటి కంట్రోలర్ తెర, 03/04. రెండోది ఓరియన్ నెబ్యులా, ఫొటో మధ్య నుంచి ఓ నాలుగు కళలు ఎడంగా. కింద “ఈ నాలుగు నీ లెక్కలోవేనా?” అని అడిగారు.

లెక్కలోవేనండీ అని జవాబిచ్చాను.